పరుగు ఆపిన గుర్రాన్ని ఎక్కడ ఉంచాలి?

2022 జనవరి 26న ఢిల్లీలో కవాతు ముగిశాక రాష్ట్రపతి, ప్రధాని, రక్షణ మంత్రి ఒక గుర్రం దగ్గరికి వెళ్లి దాని మెడ నిమిరారు. టీవీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దాని పేరు విరాట్. హనోవేరియన్ జాతి గుర్రం. రాష్ట్రపతి అంగరక్షక దళం కమాండెంట్ ఎక్కేది దాన్నే. 2003లో ఉత్తరాఖండ్‌లోని హేంపూర్ సైనిక శిక్షణ కేంద్రం నుంచి వచ్చి, పదమూడు సార్లు రిపబ్లిక్ డే కవాతులో నడిచి, ఆ రోజు రిటైరైంది. తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, దళమే దగ్గర ఉంచుకుంది. అదే శాల, తెలిసిన చేతులు, అలవాటైన వేళకు దాణా.

ముసలి గుర్రానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కాకపోతే దానికి రాష్ట్రపతి భవన్ అండ ఉంది. మలక్‌పేట రేస్‌కోర్సులో ఏడేళ్లకే పరుగు ముగిసిన గుర్రానికి ఆ అండ లేదు. మొయినాబాద్ వైపు రైడింగ్ స్కూల్లో పదేళ్లుగా పిల్లల్ని మోసి మోసి మోకాళ్లు పట్టేసిన గుర్రానికీ లేదు. పిల్ల చదువుకు బెంగళూరో అమెరికానో వెళ్లిపోతే, ఆమె గుర్రాన్ని ఏం చేయాలో తెలియక తల్లిదండ్రులు తల పట్టుకుంటారు. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "ఎవరిదైనా ఫామ్‌హౌస్‌లో వదిలేయండి, గడ్డి మేస్తూ హాయిగా ఉంటుంది."

చిక్కంతా ఈ సలహాతోనే మొదలవుతుంది. గుర్రానికి పచ్చిక ఉంటే చాలనుకుని ఇల్లు వెతికేవాళ్లు, ఆ గుర్రం ఈ రోజు ఎలా ఉందో దాన్ని బట్టి వెతుకుతున్నారు. వెతకాల్సింది నాలుగైదేళ్ల తర్వాత అది ఎలా ఉంటుందో, దానికి బాగా లేని రోజున పక్కన ఎవరుంటారో ఆలోచించి.

రెండు రకాల రిటైర్మెంట్

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మనం "రిటైరైన గుర్రం" అనే ఒకే మాటతో రెండు వేర్వేరు జంతువుల గురించి మాట్లాడుతుంటాం.

రేసు గుర్రం రెండేళ్ల వయసులో పరుగు మొదలుపెడుతుంది. చాలావాటికి ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఆట ముగుస్తుంది. కొన్ని స్నాయువు దెబ్బతిని నాలుగేళ్లకే ఆగిపోతాయి. గుర్రం మామూలుగా పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. అంటే రేసు ఆపిన గుర్రం ముందు ఇంకా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల జీవితం ఉంది. దానికి కావలసింది కొత్త పని. కాళ్లు బాగుంటే రైడింగ్‌కో, జంపింగ్‌కో, పోలోకో మళ్లీ శిక్షణ ఇవ్వొచ్చు. దాన్ని తీసుకెళ్లి వృద్ధాశ్రమం లాంటి చోట పెడితే విసుగుతో కట్టెలు కొరుకుతుంది, గాలి మింగుతుంది, దొరికిన కంచెనల్లా దూకుతుంది.

పైగా రేసు గుర్రం రోజులో ఇరవై గంటలకు పైగా కొట్టంలో ఉండి, ఓట్స్ తిని, పొద్దున్నే పరిగెత్తడానికి అలవాటుపడింది. ఒక్కసారిగా తెచ్చి ఐదెకరాల్లో వదిలేస్తే మొదటి గంటలోనే కాలు విరగ్గొట్టుకోగలదు. దాణా తగ్గించడం, పచ్చగడ్డి అలవాటు చేయడం, లాడాలు తీయడం, బయట వదిలే సమయం పెంచడం ఇవన్నీ కొన్ని వారాల మీద జరగాలి. మేత మార్చడానికే పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడకపోతే కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది.

రెండో రకం నిజంగా ముసలిది. ఇరవై దాటింది, పళ్లు అరిగాయి, కీళ్లు పట్టేశాయి. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే. ఈ రెంటికీ మధ్య పదిహేను, పద్దెనిమిదేళ్లవి కూడా ఉంటాయి. ఇవి బరువైన పని చేయలేవు గానీ రోజూ కాసేపు నడిపిస్తే కీళ్లు బాగుంటాయి. వీటిని మొత్తానికే పని మాన్పించి కట్టేస్తే నెలల్లోనే బిగుసుకుపోతాయి. చిన్న పిల్లల్ని ఎక్కించుకుని పది నిమిషాలు నడిచే పని ఉన్న చోటు దొరికితే దాన్ని వదులుకోవద్దు.

ఉన్న దారులు కొన్నే

ఇంగ్లండ్‌లో ఈ పని నూట నలభై ఏళ్లుగా జరుగుతోంది. లండన్‌లో బండ్లు లాగే గుర్రాలకు విశ్రాంతి ఇవ్వాలని 1886లో ఆన్ లిండో అనే ఆవిడ మొదలుపెట్టిన ఆశ్రమం ఇప్పటికీ హార్స్ ట్రస్ట్ పేరుతో నడుస్తోంది. 1982లో హైడ్ పార్క్ బాంబు పేలుడులో తీవ్రంగా గాయపడి బతికిన సెఫ్టన్ అనే సైనిక గుర్రం 1984లో అక్కడికే చేరి, 1993లో ముప్ఫై ఏళ్ల వయసులో పోయింది. అయితే అలాంటి చోట్ల కూడా పోలీసు, సైనిక గుర్రాలకు, హింస నుంచి కాపాడినవాటికే పెద్దపీట. డబ్బున్నవాళ్ల సొంత గుర్రాల్ని తీసుకోవడం వాళ్ల పని కాదు.

మన దగ్గరా అంతే. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర యానిమల్ రాహత్, నీలగిరుల్లో మసినగుడి దగ్గర ఇండియా ప్రాజెక్ట్ ఫర్ యానిమల్స్ అండ్ నేచర్ లాంటి సంస్థలు ఉన్నాయి. బండ్లు లాగి డస్సిపోయినవాటికి, రోడ్డున పడ్డవాటికి అవి దిక్కు. వాటి చోటు వాటికే వదిలేయాలి. నెలనెలా ఖర్చు భరించగల యజమాని గుర్రాన్ని తెచ్చి అక్కడ దించడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక మిగిలినవి మూడు. ఒకటి, ఇప్పుడున్న క్లబ్‌లోనే డబ్బు కట్టి ఉంచడం. రెండు, గుర్రాలు చూసుకునే వేరే ఫామ్‌లో నెలవారీ పద్ధతిలో పెట్టడం. మూడు, సొంత పొలంలో ఉంచుకోవడం. నాలుగోది కూడా ఉంది, ఎక్కువమంది చేసేదీ అదే: ఎవరికైనా ఉచితంగా ఇచ్చేయడం. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇది. ఊరికే వచ్చిన గుర్రం చేతులు మారడానికి ఎక్కువ రోజులు పట్టదు. మంచి ఇంటికి ఇచ్చామనుకున్నది రెండేళ్లలో బారాత్‌లో బ్యాండు చప్పుడు మధ్య కనిపించొచ్చు, బీచ్‌లో జనాన్ని మోస్తూ కనిపించొచ్చు. అసలు కనిపించకుండానే పోవచ్చు.

2025 వేసవిలో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి ఒక పల్లెకు యాభైకి పైగా గుర్రాల్ని తరలించారు. అక్కడికి చేరాక అవి ఒకదాని వెంట ఒకటి చనిపోవడం మొదలైంది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. పరుగు ముగిసిన గుర్రానికి ఒక చిరునామా, ఒక బాధ్యుడు లేకపోతే ఏం జరగగలదో చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు.

చట్టం కాపాడుతుందేమో అనుకునేవాళ్లకు ఒక మాట. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారి చేస్తే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇరానీ చాయ్, ఒక ప్లేటు సమోసాకు అయ్యే ఖర్చు.

గోశాలలో ఎందుకు కుదరదు

"ఏదైనా గోశాలకు ఇచ్చేద్దాం, ఆవులతో పాటు ఇదీ మేస్తుంది" అనే ఆలోచన మనలో చాలామందికి సహజంగా వస్తుంది. దాని వెనక మంచి మనసే ఉంది. కానీ ఆవు మేత గుర్రానికి పనికిరాదు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాడి రైతుల పొలాల్లో, ఫామ్‌హౌసుల్లో గుర్రాలు పాడైపోయేది ఎక్కువగా ఇక్కడే.

తెలంగాణలో పాడి ఉన్న ప్రతి ఊళ్లో ఇప్పుడు సూపర్ నేపియర్ గడ్డి కనిపిస్తుంది. ఏపుగా పెరుగుతుంది, పాలు బాగా వస్తాయి. కానీ అందులో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయి. గుర్రంలో కాల్షియం చిన్నపేగులో ఒంటికి పట్టాలి, అక్కడికి వచ్చేసరికే ఆక్సలేట్ దాన్ని బిగించి పట్టేసుకుంటుంది. తిన్న కాల్షియం పేడలో పోతుంది, ఒళ్లు తన ఎముకల్లోంచి తీసుకోవడం మొదలుపెడుతుంది. దీనికి తోడు మన సైసులకు, అంటే గుర్రాల్ని చూసుకునే పనివాళ్లకు, ఎంతో ఇష్టమైన గోధుమ పొట్టు. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. నేపియర్, పొట్టు రెండూ కలిపి నెలల తరబడి పెడితే ఒక రోజు ఈ కాలు, ఇంకో రోజు ఆ కాలు కుంటుతుంది, ఎక్కడ నొప్పో దొరకదు. తర్వాత కళ్ల కింద, దవడ పక్కన ముఖం ఎముకలు ఉబ్బుతాయి. అప్పటికి ఆలస్యమైపోతుంది. గడ్డిలో లూసర్న్ అనే పప్పుజాతి మేత కలపడం, డాక్టర్ని అడిగి సున్నపురాయి పొడి ఇవ్వడం, పొట్టు తగ్గించడం తెలిసిన చోట ఈ బాధ రాదు. ఫామ్ చూడటానికి వెళ్లినప్పుడు "గడ్డి ఏం పెడతారు?" అని అడిగి ఊరుకోకండి. "నేపియర్ పెడితే కాల్షియం ఎలా సరిచేస్తారు?" అని అడగండి. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూస్తే సగం తెలిసిపోతుంది.

జొన్న కూడా అంతే. లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుందని రైతులందరికీ తెలుసు. పెరిగిన జొన్న పైరును కూడా గుర్రం వారాల తరబడి మేస్తే మూత్రాశయం పట్టు తప్పుతుంది, వెనక కాళ్లు తూలతాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

అన్నిటికంటే భయపడాల్సింది మొనెన్సిన్ అనే మందుకు. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో దీన్ని కలుపుతారు. వాటికి ఏమీ కాని మోతాదే గుర్రం ప్రాణం తీయగలదు, నేరుగా గుండె కండరం దెబ్బతింటుంది. మన చుట్టూ కోళ్ల ఫారాలు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. గుర్రం దాణా, కోళ్ల దాణా ఒకే గదిలో ఉంచే చోటికి గుర్రాన్ని పంపకండి. ఇందులో మొహమాటం వద్దు.

పళ్లు, తొట్టి కింద నేల

పనికిమాలిన పనిని "గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం" అని వెక్కిరిస్తాం. ముసలి గుర్రం విషయంలో మాత్రం పళ్ల పని తర్వాతే మిగతావన్నీ.

గుర్రం పన్ను చిగురులోంచి ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూ, గడ్డి నమిలి అరుగుతూ ఉంటుంది. పాతికేళ్లు దాటాక లోపల నిల్వ అయిపోతుంది. ఇంక రావడానికి పన్ను ఉండదు. ఈలోగా అరుగుదల సమంగా ఉండక అంచులు కత్తుల్లా తయారై బుగ్గల్ని, నాలుకను కోస్తాయి. వాటిని ఏడాదికోసారి, వయసు పైబడ్డాక ఆరు నెలలకోసారి ఆకురాయితో అరగదీయాలి.

కొత్త చోటు చూడటానికి వెళ్లినప్పుడు అక్కడున్న ముసలి గుర్రాల మేత తొట్టి కింద నేల చూడండి. సగం నమిలి ఉమ్మేసిన గడ్డి చుట్టలు, బొటనవేలంత లావున, తడిగా, ఆకుపచ్చగా పడి ఉంటే ఆ గుర్రం నమలలేకపోతోందని అర్థం. పేడను కాలితో చిదిపి చూడండి. గడ్డి పోచలు పొడుగ్గా, ఓట్స్ గింజలు గింజల్లాగే కనిపిస్తే కూడా అదే. ఒక గుర్రానికి అలా ఉంటే తప్పు పట్టలేం, వయసు అలాంటిది. కానీ సైస్‌ని అడిగితే "అవునండీ, దీనికి నానబెట్టి పెడుతున్నాం" అనాలి. "అది ఎప్పుడూ అంతే" అంటే అక్కడినుంచి బయల్దేరొచ్చు.

నమలలేని గుర్రానికి లూసర్న్ క్యూబ్స్, దాణా గుళికలు నీళ్లలో నానబెట్టి జావలా చేసి రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. అది నెమ్మదిగా తింటుంది, పక్క గుర్రం ఐదు నిమిషాల్లో తనది ముగించి దీని తొట్టి మీదికి వస్తుంది. కాబట్టి విడిగా కట్టి, తినేదాకా ఒక మనిషి అక్కడ ఉండాలి. ఈ ఒక్క పనికే రోజుకు రెండు మూడు గంటలు కావాలి. అందుకే ఎన్ని ఎకరాలు అనే దానికంటే ఒక్కో సైస్ చేతిలో ఎన్ని గుర్రాలు అనేది ముఖ్యం. సాయంత్రం దాణా వేళకు వెళ్లి ముసలివి ఎక్కడ నిలబడ్డాయో చూడండి. మూలకు తరిమేసి ఉంటే, మధ్యాహ్నం చూసిన పచ్చిక లెక్కలోకి రాదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు. పళ్లు ఊడినా తప్పదు. ఎండుగడ్డి లెక్కే తీసుకుంటే 450 కిలోల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోలు, ఏడాదికి దాదాపు మూడు టన్నులు. దానికి దాణా, సైస్ జీతం, లాడాల పని చేసే నాల్‌బంద్, డాక్టరు, మందులు అన్నీ కలపాలి. చవగ్గా చూసుకుంటామని ఎవరైనా చెబితే వీటిలో ఏది తగ్గిస్తున్నారో అడగడం మన హక్కు. ఒకేసారి పెద్ద మొత్తం కట్టించుకుని "జీవితాంతం మాదే బాధ్యత" అనేవాళ్లను నేను నమ్మను. నెలనెలా కడుతుంటే మనకు నెలనెలా అడిగే అవకాశం ఉంటుంది.

నిద్ర, నేల, ఎండ

గుర్రం నిలబడి నిద్రపోతుందని అందరికీ తెలుసు. కానీ గాఢనిద్రకు రోజులో అరగంట నుంచి గంట దాకా పడుకోవాల్సిందే. కీళ్లు నొప్పి పెట్టే ముసలి గుర్రం, పడుకుంటే లేవలేనేమోనని పడుకోవడం మానేస్తుంది. వారాల తరబడి అలా ఉంటే నిలబడ్డచోటే నిద్రలోకి జారి ముందు కాళ్ల మీద కూలబడుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది. ముందు కాళ్ల చీలమండల ఎదుటి భాగంలో మానీ మానని పుండ్లు ఉంటే కారణం ఇదే కావొచ్చు. చూసేవాళ్లు ఎక్కడో రాయి తగిలిందనుకుంటారు. బండపరుపు గచ్చు మీద పల్చగా వరిగడ్డి వేసిన కొట్టం దీనికి పనికిరాదు. మెత్తని ఇసుక మడి గానీ, మందంగా పరిచిన రంపపు పొట్టు గానీ కావాలి. అయితే మేత మాత్రం ఇసుక మీద పోయకూడదు. ఇసుక కడుపులోకి వెళ్లి పేగుల్లో పేరుకుంటుంది.

తోడు లేకపోతే కూడా గుర్రం సరిగా పడుకోదు. మందలో ఒకటి పడుకుంటే మరొకటి కాపలా నిలబడటం వాటి పుట్టు అలవాటు. అందమైన ఫామ్‌హౌస్‌లో ఒంటరి గుర్రం, గేటు దగ్గర ఒక వాచ్‌మన్ అనే ఏర్పాటు ఫొటోల్లో బాగుంటుంది. గుర్రానికి అది శిక్ష. ఇంకో గుర్రం ఉంటే మంచిది. కుదరకపోతే గాడిదో మేకలో అయినా ఉండాలి.

ఇక ఎండ. థరోబ్రెడ్ అనే రేసు జాతి గుర్రాల్లో కొన్నింటికి వేడి, ఉక్క ఎక్కువున్న ప్రాంతాల్లో కొన్నేళ్లు ఉన్నాక చెమట పట్టడం ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా, పొట్టు రాలుతూ, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటాయి. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి తీరాల్లో ఇది మరీ కష్టం. హైదరాబాద్‌లో ఉక్క తక్కువే గానీ ఏప్రిల్, మే నెలల ఎండ తక్కువ కాదు. కర్ణాటకలో కుణిగల్ అశ్వశాల టిప్పు సుల్తాన్ కాలం నుంచి ఉండటంలో ఆ వాతావరణం పాత్ర ఉంది. ఈ రోజుకీ గుర్రాల ఫామ్‌లకు బెంగళూరు, పుణె పరిసరాలు, నీలగిరులు అనువు. చెమట పట్టని గుర్రమైతే దూరమైనా సరే అటు పంపడమే మంచిది.

ముసలి గుర్రాల్లో మరో జబ్బు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అదుపు తప్పడం. కుషింగ్ అంటారు. ఎండాకాలం వచ్చినా బొచ్చు రాలదు, ఉంగరాలు తిరిగి పొడుగ్గా పెరుగుతుంది. ఎక్కువ నీళ్లు తాగుతుంది, వెన్ను మీద కండ తగ్గి పొట్ట జారుతుంది. అసలు ప్రమాదం గిట్టల్లో ఉంటుంది. గిట్ట లోపలి పొర వాచి ఎముక కిందికి జారితే గుర్రం నిలబడలేదు. రక్తపరీక్షలో తెలుస్తుంది, పెర్గోలైడ్ అనే మాత్ర రోజూ బతికున్నంత కాలం ఇవ్వాలి. "బొచ్చు బాగా ఉంది, ఆరోగ్యంగా ఉంది" అని మురిసిపోయే చోట ఇది ఎన్నటికీ బయటపడదు.

రాత్రి రెండు గంటలకు

కడుపునొప్పి రాత్రి, పగలు చూసుకుని రాదు. గుర్రం నేలను కాలితో గీరుతుంది, డొక్క వైపు తిరిగి తిరిగి చూస్తుంది, పడుకుని దొర్లుతుంది, పేడ వేయదు. గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్లు ఎక్కువగా రేస్‌కోర్సుల చుట్టూ ఉంటారు. మండల పశువైద్యశాలలోని డాక్టర్ ఎంత మంచివారైనా ఆయన రోజంతా చూసేది గేదెల్ని, మేకల్ని. కాబట్టి ఫామ్ వాళ్లను "మీకు డాక్టరు ఉన్నారా?" అని అడిగితే లాభం లేదు, ఉన్నారనే అంటారు. "పోయినసారి కడుపునొప్పి ఏ గుర్రానికి వచ్చింది? డాక్టర్ ఎంతసేపటికి వచ్చారు?" అని అడగాలి. అది కూడా యజమానిని పక్కన పెట్టి, రాత్రి అక్కడే పడుకునే సైస్‌ని.

"డాక్టర్ వచ్చేలోగా నువ్వేం చేస్తావు?" అనేది ఇంకో ప్రశ్న. మేత తీసేస్తాను, నడవగలిగితే నెమ్మదిగా నడిపిస్తాను, ఎప్పుడు పేడ వేసిందో చూసి ఫోన్‌లో చెబుతాను అంటే మంచి మనిషి దొరికినట్టే. గొట్టంతో నూనె పోస్తాను అంటే మాత్రం కష్టం. పశువులకు వెదురు గొట్టంతో మందు పోసే అలవాటు మన ఊళ్లలో ఉంది. గుర్రానికి అలా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి కడుపునొప్పితో పోనిది న్యుమోనియాతో పోతుంది. డాక్టర్ అయితే ముక్కులోంచి కడుపులోకి ట్యూబు వేసి పోస్తారు.

విచిత్రంగా అనిపించే ఇంకో హెచ్చరిక. ఏ గుర్రం వచ్చినా కాదనకుండా వెంటనే మందలో కలిపేసే జాలిగుండె ఆశ్రమాలకు దూరంగా ఉండండి. గ్లాండర్స్ అనే జబ్బు మన దేశంలో ఇంకా ఉంది. అది మనుషులకూ అంటుతుంది. పాజిటివ్ వస్తే గుర్రానికి వైద్యం ఉండదు, చంపేయాల్సిందే. హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం రక్తనమూనాలు పరీక్షిస్తుంది. రిపోర్ట్ అడిగి, కొత్త గుర్రాన్ని కొన్ని వారాలు విడిగా ఉంచి ఆ తర్వాతే కలిపేవాళ్లు కఠినులుగా కనిపిస్తారు. మీ గుర్రం అక్కడే క్షేమం. జోరీగలు మోసే సర్రా జబ్బు సంగతి కూడా అడగండి. వానాకాలం తర్వాత జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వస్తుంటే రక్తపరీక్ష చేయిస్తారా అని.

కాగితం మీద ఉండాల్సినవి

నమ్మకం ఉన్న చోటే కాగితం రాసుకోవాలి. నమ్మకం లేని చోట రాసుకున్నా ఉపయోగం లేదు. రాయాల్సినవి ఎక్కువేం లేవు. గుర్రం యజమాని మీరే. మీ అనుమతి లేకుండా దాన్ని అమ్మకూడదు, ఇంకెవరికీ ఇవ్వకూడదు, పిల్లలు తీయించకూడదు, సవారీకి పంపకూడదు. అత్యవసరమైతే మీకు ఫోన్ కలవకపోయినా ఇంత మొత్తం దాకా వైద్యం చేయించవచ్చు. థరోబ్రెడ్ అయితే స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా ఇచ్చిన పాస్‌పోర్ట్, అంటే గుర్తింపు పుస్తకం ఉంటుంది, అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి.

నెలకోసారి ఫొటోలు అడగండి. పక్కనుంచి తీసిన ఫొటోలో ప్రతి గుర్రమూ బాగానే కనిపిస్తుంది. వెనకనుంచి ఒకటి, నాలుగు గిట్టలూ దగ్గరగా ఒకటి పంపమనండి. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయో లేదో వెనకనుంచే తెలుస్తుంది. చూడటానికి వెళ్లినప్పుడు పక్కటెముకల మీద అరచేయి ఆనించి నెమ్మదిగా రాయండి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. ముసలి గుర్రం బొచ్చు కింద ఎంత చిక్కిపోయిందో కంటికి తెలియదు.

రాసుకోవడానికి అందరూ వెనకాడేది ఒకటుంది. గుర్రం కిందపడి లేవలేకపోతే ఏం చేయాలి, ఎవరు చెప్పాలి. 450 కిలోల జంతువు ఒకే పక్కన గంటల తరబడి పడి ఉంటే కింది కండరాలు దాని బరువుకే నలిగిపోతాయి. రెండో రోజుకు పుండ్లు, మూడో రోజుకు ఈగలు. కొన్ని ఆశ్రమాల్లో ప్రాణం తీయడం పాపమని, దానంతట అది పోయేదాకా నీళ్లు తాగిస్తూ కూర్చుంటారు. వాళ్ల నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ నా గుర్రాన్ని అక్కడ ఉంచను. తీవ్రంగా బాధపడే జంతువుకు ఆ బాధ తీర్చే వెసులుబాటు 1960 చట్టంలోనే ఉంది. డాక్టర్ ఇంజెక్షన్‌తో నిమిషాల్లో ముగుస్తుంది. ఆ నిర్ణయం మీరు తీసుకుంటారా, మీరు ఊళ్లో లేకపోతే ఏ డాక్టర్ మాట చెల్లుతుంది, తర్వాత జేసీబీ ఎవరు పిలుస్తారు, ఎక్కడ పూడుస్తారు, ఈ నాలుగూ ముందే రాసి సంతకం పెట్టుకోండి. అమెరికాలో ఉన్న కూతురికి అర్ధరాత్రి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు కావివి.

తరలించే రోజు

నవంబర్, ఫిబ్రవరి మధ్యలో తరలించడం మంచిది. ఎండాకాలం తప్పదనుకుంటే రాత్రి ప్రయాణం. హైదరాబాద్ నుంచి బెంగళూరు 570 కిలోమీటర్లు. అంతసేపూ తల పైకి బిగించి కట్టి తీసుకెళ్తే ముక్కు, గొంతులోని చెత్త కిందికి కారే వీలులేక ఊపిరితిత్తుల్లో చీము పడుతుంది. మూడు నాలుగు గంటలకోసారి బండి ఆపి, తాడు వదులు చేసి, తల దించుకోనివ్వాలి, నీళ్లు చూపించాలి. బయల్దేరేముందు డాక్టర్ సర్టిఫికెట్, గ్లాండర్స్ రిపోర్ట్ చేతిలో ఉండాలి. పాత దాణా రెండు వారాలకు సరిపడా వెంట పంపండి. వీలైతే పాత సైస్‌ని కూడా రెండు మూడు రోజులు అక్కడ ఉంచండి. ఏ వైపు ఎక్కువ నమలుతుందో, ఏ కాలు ఎత్తనివ్వదో, పిడుగు శబ్దానికి ఎలా బెదురుతుందో కొత్త మనిషికి నేర్పాల్సింది అతనే.

చేరిన రోజు రాత్రి ఫోన్ చేసి ఒక్కటే అడగండి, పేడ వేసిందా అని. మొదటి నెల వారానికోసారి వెళ్లి చూడండి. రెండో సారి నుంచి చెప్పకుండా వెళ్లండి.